రామలింగయ్య నడవని దారి

మార్కాపురం బజారులో రామలింగయ్య ఇల్లెక్కడ అని అడిగితే, ఏ రామలింగయ్య అని తిరిగి అడుగుతారు. కొండల రామలింగయ్య అంటే మాత్రం పాలప్యాకెట్లు వేసే మనిషి కూడా బండి ఆపి చెయ్యెత్తి చూపిస్తాడు. ఆయనకు కొండలేమీ లేవు. ఉన్నదల్లా ఒక పలకల దుకాణం. అందులోనూ ఇప్పుడు పలకలు వెనక వరసలోకి పోయాయి, ముందు వరసంతా నోటుపుస్తకాలూ రంగుపెన్సిళ్ళూ. ఆ పేరు ఒక కథ వల్ల వచ్చింది.

ఇరవై రెండేళ్ళ వయసులో ఒక శివరాత్రికి ఆయన ఇంటి నుంచి ఒంటరిగా నడక మొదలుపెట్టి, దోర్నాల దాటి, నల్లమలలో పాత కాలిబాట పట్టుకుని శ్రీశైలం చేరాడు. ఇదీ కథ. ముప్పై ఏడేళ్ళుగా ఆయన దాన్ని చెబుతూనే ఉన్నాడు. పలక కొనడానికి వచ్చినవాళ్ళు కథంతా విని, పలక సంగతి మరిచి వెళ్ళిపోయేవాళ్ళు. మర్నాడు పలక కోసం వస్తే కథ మళ్ళీ వినాల్సి వచ్చేది. పలకల వ్యాపారం పడిపోవడానికి ప్లాస్టిక్ కారణమని ఊరంతా అంటుంది గానీ, ఆ ఒక్క దుకాణం విషయంలో వేరే అభిప్రాయం కూడా ఉంది.

అసలు జరిగింది చాలా చిన్నది. దోర్నాల దాకా ఆయన నడిచిన మాట నిజం. అక్కడికి చేరేసరికి రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కాయి. కాసేపు కూర్చుందామని బస్టాండులో చతికిలబడ్డాడు. శ్రీశైలం బస్సొకటి వచ్చి, దాని తలుపు సరిగ్గా ఆయన మోకాళ్ళ ముందు ఆగింది. కండక్టరు, ఎక్కుతావా అని అడిగాడు. అడిగిన మనిషికి కాదనడం రామలింగయ్య స్వభావంలో లేదు.

ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తారేమోనని ముఖాన తువ్వాలు కప్పుకుని, ఘాటురోడ్డంతా నిద్రపోయాడు. ఇంటికి తిరిగొచ్చేసరికి తల్లి గడపలోనే నిలబెట్టి కాళ్ళు కడిగింది. నువ్వులనూనె వెచ్చచేసి, ఆ బొబ్బల చుట్టూ రాస్తూ, ఎంత దూరం నడిచినావో నాయనా అని కళ్ళు తుడుచుకుంది. నిజం చెబుదామనే ఆయన నోరు తెరిచాడు. నూనె మరీ హాయిగా ఉంది. తెల్లారేసరికి కథ నాలుగిళ్ళు దాటింది.

రెండేళ్ళకు పెళ్ళయింది. సీతారత్నం దోర్నాల అమ్మాయి, తండ్రికి అక్కడ కిరాణా అంగడి. కొత్త పెళ్ళాం ముందు చెప్పుకోవడానికి రామలింగయ్య దగ్గర ఆ కథ తప్ప ఇంకేమీ లేదు. అదే చెప్పాడు. చెప్పి ఊరుకోక, ఒకసారి నిన్ను ఆ దారిలో తీసుకుపోతానని మాటిచ్చాడు. ఆవిడ పెద్ద కళ్ళు చేసుకుని విని, ఎప్పుడు అని అడిగింది. వచ్చే ఏడు అన్నాడు. అప్పటినుంచీ ముప్పై అయిదు వచ్చే ఏళ్ళు గడిచిపోయాయి.

ఈ ఏడు ఆ మాట ఆయనే పైకి తీశాడు. దానికి కారణం భక్తి కాదు, బావమరిది.

పొదిలిలో ఉండే సీతారత్నం అన్న వీరభద్రయ్యను బంధువులంతా కషాయం వీరభద్రయ్య అంటారు. లోకంలోని రోగాలన్నీ కడుపులో పుడతాయనీ, కషాయంలో చస్తాయనీ ఆయన నమ్మకం. శివరాత్రికి రెండు కుటుంబాలూ కలిసి పది రోజులు కాశీ పోదామని ఆయన ఫోను చేశాడు. పది రోజులు రైల్లో, సత్రంలో, గంగ ఒడ్డున, పొద్దున్నే ఆ మనిషి తన నాలుక బయట పెట్టించి చూడటాన్ని తలుచుకుంటే రామలింగయ్యకు కాశీకి చేరకముందే వైరాగ్యం కలిగింది.

కాబట్టి ఒక ఉపాయం ఆలోచించాడు. నడిచి శ్రీశైలం పోదామని తాను అంటాడు. మోకాళ్ళు నొప్పులని ఆవిడ అంటుంది. అప్పుడు తాను మనసు కష్టపడినట్టు, సరే అయితే కాశీ కూడా వద్దులే, ఇంట్లోనే కూర్చుందాం అంటాడు. ఆ కష్టపడిన గొంతును దుకాణంలో రెండు మధ్యాహ్నాలు సాధన చేశాడు. రూళ్ళకర్రల కోసం వచ్చిన మోషే మాస్టారు అది విని, ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగి వెళ్ళాడు.

ఆ సాయంత్రం సీతారత్నం వసారాలో అనపకాయలు ఒలుస్తోంది. రామలింగయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"కాశీకి ఎవరైనా రైలెక్కి పోతారు రత్నం. దాంట్లో ఏముంది. శివరాత్రికి మనిద్దరం నడిచి శ్రీశైలం పోదాం. నేను పోయిన దారినే."

ఆవిడ తలెత్తకుండానే ఇంకో కాయ ఒలిచింది.

"సరే, పోదాం," అంది.

సాధన చేసిన గొంతు గొంతులోనే ఉండిపోయింది. మోకాళ్ళ సంగతి ఆయనే గుర్తుచేయాల్సి వచ్చింది. నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా, మీరు మాట తప్పగాకండి అని, ఆవిడ చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళి అన్నకు ఫోను చేసింది. శివరాత్రికి కాశీ లేదు, మా ఆయన నన్ను ఆయన నడిచిన దారిలో తీసుకుపోతున్నాడు అని చెప్పడం వసారాలోకి వినబడింది. వీరభద్రయ్య మెచ్చుకున్నాడట. మూడో రోజుకు, దారిలో తాగడానికని రెండు సీసాల కషాయం పొదిలి బస్సులో వచ్చింది.

ఆ తర్వాత నెలంతా ఇల్లు ఇల్లులా లేదు. సీతారత్నం తెల్లారకముందే లేచి, చీర మీద ఆయన పాత స్వెట్టరు వేసుకుని, కాలేజీ గ్రౌండులో నడవడం మొదలుపెట్టింది. రామలింగయ్య కూడా వెళ్ళేవాడు. రెండు చుట్లు తిరిగి, మిగతా చుట్లు టీ బంకు బల్ల మీద కూర్చుని లెక్కపెట్టేవాడు. ఆవిడవి ఎనిమిది అయ్యేవి.

ఒంగోలులో ఉన్న కూతురు సింధూజ, కొండలెక్కేవాళ్ళు వీపున తగిలించుకునే సంచులు రెండు పంపింది. ఒక్కొక్కదానికి పదిహేను పట్టీలు. ఏ పట్టీ దేనికో తెలియక రామలింగయ్య అన్నీ బిగించాడు. ఛాతీ మీది క్లిప్పు పడింది, మళ్ళీ ఊడలేదు. దుకాణానికి టైమవుతోందని సంచితోనే భోజనానికి కూర్చున్నాడు. పట్టీల బిగువుకు ముందుకు వంగలేకపోవడంతో విస్తరి మూరెడు దూరంలో ఉండిపోయింది. పెరుగన్నం దాకా వచ్చాక సీతారత్నం వచ్చి, ఒక వేలితో నొక్కి క్లిప్పు ఊడదీసి, ఏమీ అనకుండా మజ్జిగ పోసి వెళ్ళింది. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఇక మిగిలింది ఓబులేసు. ఓబులేసుకు దోర్నాలలో జీపుంది. ఘాటులో ఊళ్ళకు సామాన్లు, మనుషులను చేరవేస్తుంటాడు. రామలింగయ్యను బావా అని పిలుస్తాడు. రామలింగయ్య అతనికి దుకాణంలోంచి రహస్యంగా ఫోను చేసి ఏర్పాటు చేసుకున్నాడు. మొదటి రోజు కాలిబాట కొండ దాటి చిన్నారుట్ల దగ్గర మళ్ళీ తారురోడ్డు మీదికి వస్తుంది. రెండో రోజు పొద్దున ఓబులేసు అనుకోకుండా అటు వచ్చినట్టు రావాలి. ముందర దారిలో ఎలుగొడ్డు తిరుగుతోంది, ఎవరినీ పోనివ్వడం లేదని చెప్పాలి. ఇద్దరినీ జీపులో శ్రీశైలం చేర్చాలి. కథకు కథ నిలుస్తుంది, కాళ్ళకు కాళ్ళు మిగులుతాయి. తనను బావా అని పిలిచేవాడు ముందు ఆవిడకు తమ్ముడవుతాడన్న సంగతి రామలింగయ్యకు ఆ క్షణాన తట్టలేదు.

*

శివరాత్రికి నాలుగు రోజుల ముందు, దోర్నాల దాటాక చెక్‌పోస్టు దగ్గర కాలిబాట మొదలైంది. పండుగ రోజుల్లో మాత్రమే ఆ దారి తెరుస్తారు. పగటిపూట, గుంపులుగానే వదులుతారు. వీళ్ళ గుంపులో గిద్దలూరు నుంచి వచ్చిన తొమ్మిది మంది ఆడవాళ్ళు పడ్డారు. వాళ్ళకు పెద్ద సరస్వతమ్మ. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరైన మనిషి, ఎవరిని చూసినా వరసలో నిలబెట్టాలనిపిస్తుంది ఆవిడకు. ఈ దారి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆవిడ అడిగింది. సీతారత్నం ఒక్క క్షణం కూడా ఆగకుండా భర్తను చూపించింది.

అట్లా రామలింగయ్య పదిమంది ఆడవాళ్ళకు ముందు నడవాల్సి వచ్చింది.

మద్దిచెట్ల ఆకులు ఎండి దారంతా రాలి ఉన్నాయి. అడుగు వేస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. అక్కడక్కడ మోదుగులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. ఎక్కుడు మొదలైన అరగంటకు రామలింగయ్య ఊపిరి చెవుల్లోంచి పోతున్నట్టయింది. ఇంకెంత దూరం పెద్దయ్యా అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి గదా అని, తన కథలోని మాటే చెప్పాడు. ముందర ఎద్దు పడుకున్నట్టు ఒక బండ వస్తుంది, అక్కడ కూర్చుందాం.

మలుపు తిరిగితే బండ ఉంది. మూపురం, మెడ, ముడుచుకున్న ముందుకాళ్ళు, అచ్చం పడుకున్న ఎద్దు.

ఆడవాళ్ళు సంతోషంగా దాని నీడన కూలబడ్డారు. రామలింగయ్య మాత్రం నిలబడే ఉన్నాడు. ఎక్కడా చూడని రాయి, ఎన్నో ఏళ్ళుగా నోటికొచ్చినట్టు చెప్పుకున్న రాయి, ఎదురుగా ఎండలో పడుకుని ఉంది. దాన్ని చేత్తో తాకి చూశాడు. వేడిగా, నిజంగా ఉంది.

కాసేపటికి ధైర్యం చేసి ఇంకోటి చెప్పాడు. తర్వాత దారి రెండుగా చీలుతుంది, ఎడమపక్కది పట్టుకోవాలి, దిగువన నేరేడుచెట్టు కింద చెలమ ఉంటుంది. దారి చీలింది. చెట్టు ఉంది. చెలమలో మోకాటిలోతు నీళ్ళు తేటగా నిలిచి ఉన్నాయి. సరస్వతమ్మ దోసిలితో తాగి, ఇంత గుర్తు పెట్టుకున్నారంటే మీది మామూలు జ్ఞాపకం కాదన్నా అంది. సీతారత్నం ఒక మూల కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి, చాలాసేపు ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రానికి గాలికి శంఖంలా మోగే కొండసందు కూడా వచ్చేసరికి రామలింగయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. మల్లన్న తన మీద దయతలిచాడు. అబద్ధం చెప్పిన నోట్లోకే నిజం పంపించాడు. చిన్నారుట్ల దగ్గర అన్నదానం పందిట్లో సాంబారన్నం తింటూ, చుట్టూ కూర్చున్నవాళ్ళకు కథ మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. కాళ్ళు మాత్రం ఆ దయ సంగతి తెలియనట్టు మంటలెత్తాయి. ఇరవై రెండేళ్ళప్పుడు బొబ్బలెక్కిన చోటే మళ్ళీ బొబ్బలు. ఓబులేసు వస్తాడులే అనుకుంటూ నిద్రపోయాడు.

ఓబులేసు చెప్పిన టైముకే వచ్చాడు. జీపు ఆపి, చెప్పమన్నది చెప్పాడు. కాకపోతే బడిలో పద్యం అప్పచెబుతున్న పిల్లాడిలా ఎటో చూస్తూ చెప్పాడు.

"బావా, ముందర ఎలుగొడ్డు తిరుగుతాంది. దారి మూసినారు. జీపెక్కండి."

రామలింగయ్య ముఖంలో విచారం తెచ్చుకుని, ఇంతదూరం వచ్చాక ఇట్లయిందేమని నిట్టూర్చబోయాడు. సీతారత్నం అప్పటికే వీపు మీది సంచి దించింది.

"అట్లనా తమ్ముడూ. అయితే ఈ సంచులు రెండూ నువ్వు తీసుకపోయి సత్రంలో ఇచ్చేయి. ఎలుగొడ్డు వస్తే ఉరకడానికి బరువు లేకుండా ఉంటాది."

అంటూనే రామలింగయ్య ఛాతీ మీద వేలితో నొక్కింది. క్లిప్పు ఊడింది. సంచి జీపులోకి పోయింది. నీళ్ళసీసా, గుప్పెడు వేరుశనగ ఉండలు మాత్రం ఆవిడ చీరకొంగులో మిగిలాయి. ఓబులేసు బావ ముఖం చూడకుండా జీపు తిప్పాడు. ఓబులేసు వెళ్ళిపోయాక సరస్వతమ్మ రోడ్డు పక్కన ఉన్న అటవీ ఉద్యోగిని ఎలుగొడ్డు సంగతి అడిగింది. పది రోజులుగా ఒక్క జంతువు కూడా కనబడలేదనీ, ఇంతమంది ఇంతింత గొంతుతో కథలు చెబుతూ పోతుంటే ఏ జంతువు ఉంటుందనీ అతను విసుక్కున్నాడు.

ఓబులేసు నీకు చెప్పేశాడా అని రామలింగయ్య నడుస్తూ మెల్లగా అడిగాడు. మీరు ఫోను పెట్టేసిన అయిదు నిమిషాలకు చెప్పినాడు అంది ఆవిడ, దారి చూసుకుంటూ. కోపం లేదు ఆ గొంతులో. అదే ఆయనను మరీ ఇబ్బంది పెట్టింది.

జీపు పోయింది, సంచి పోయింది, పరువులో సగం పోయింది. మిగిలిన సగాన్ని నిలబెట్టుకోవడానికి రామలింగయ్య ఆరోజు కొత్త ఉత్సాహం తెచ్చుకున్నాడు. మల్లన్న దయ ఎట్లాగూ ఉంది. ఇక పాత మాటలే ఎందుకని, ఆ పూట అప్పటికప్పుడు పుట్టిన మాట ఒకటి గిద్దలూరు ఆడవాళ్ళకు చెప్పాడు. కుడివైపు అడ్డదారిలో పోతే నాలుగు స్తంభాల రాతిమంటపం ఉంది. అక్కడ చల్లగా కూర్చుని ఉండలు తినవచ్చు.

కుడివైపు తిరిగారు. అరగంట నడిచారు. మంటపం రాలేదు. ఇంకో అరగంట నడిచారు. దారి మేకలు నడిచేంత సన్నగా అయింది, ఆ తర్వాత మేకలు కూడా వద్దనుకున్నట్టు ఆగిపోయింది. ఎదురుగా వెదురు పొద. ఇంకాస్త ముందే అని రామలింగయ్య అందులోకి దూరాడు. ముళ్ళ తీగలు పంచెను ఒకవైపు లాగితే, ఆయన ఇంకోవైపు లాక్కున్నాడు. పంచె రెండువైపులా న్యాయం చేసింది. వెనకాల ఒకావిడ చెప్పు తెగింది. ఇంకొకావిడ కూర్చుండిపోయి, మంటపం వస్తే పిలవండి అంది. కొండముచ్చులు ఆరేడు కొమ్మల మీంచి దిగి, అక్కడికి మనుషులు రావడం ఏనాడూ చూడలేదన్నట్టు ఒక్కసారి తేరిపార చూసి, సరస్వతమ్మ చేతిలోని అరటిపళ్ళ సంచి తీసుకుని మర్యాదగా వెళ్ళిపోయాయి.

అన్నా, ఆ మంటపం మీరు చూసిందేనా అని సరస్వతమ్మ అడిగింది. అంగన్‌వాడీలో పలక పగలగొట్టింది ఎవరని అడిగే గొంతు అది.

రామలింగయ్య వంగి పంచెలోంచి ముళ్ళు ఏరుకోసాగాడు. అప్పుడు సీతారత్నం ముందుకు వచ్చింది. సూర్యుణ్ణి ఒకసారి, కొండ అంచును ఒకసారి చూసి, అందరినీ వెనక్కి తిప్పింది. ఎడమకు దిగింది, ఎండిన వాగు దాటింది, ఒక చోట రెండు బండల మధ్యనుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అలవాటైనట్టు అవతలికి దాటింది. పావుగంటలో అసలు బాట మీద ఉన్నారు. ఆవిడ ఎవరినీ దారి అడగలేదు.

మిగతా రోజంతా రామలింగయ్య అందరికంటే వెనక నడిచాడు. నడుస్తూ ఆలోచించాడు. మంటపం ఎందుకు రాలేదు, ఎద్దుబండ ఎందుకు వచ్చింది?

ఎద్దుబండ తన కథలోకి ఎప్పుడు వచ్చిందో గుర్తుతెచ్చుకున్నాడు. సింధూజ ఒళ్ళో పిల్లగా ఉన్నప్పుడు, ఒక ఎండాకాలం మిద్దెమీద కథ చెబుతుంటే సీతారత్నం అడిగింది, అక్కడ ఎద్దు పడుకున్నట్టు బండ ఉంటాది గదా అని. ఉంటుంది, దానిమీదే కూర్చుని అటుకులు తిన్నానన్నాడు తాను. చెలమ? ఒక ఏడు కరువుకు వీధిలో బిందెలు వరసపెట్టి, ఇద్దరూ ట్యాంకరు కోసం కాచుకుని కూర్చున్నప్పుడు అడిగింది, నీళ్ళకు నేరేడుచెట్టు కిందికి దిగినారా అని. కరోనా రోజుల్లో దుకాణం మూసి, ఇద్దరే ఇంట్లో ఉన్నప్పుడు, కొండసందులో గాలి శంఖంలా మోగేదా అంది. మోగేది అన్నాడు. అంతకు ముందు, మొట్టమొదట, కొత్తగా పెళ్ళయినప్పుడు తన కథలో కొండమీద ఒక పెద్ద నది, దాన్ని పడవలో దాటడం ఉండేవి. కొండమీదికి పడవ ఎట్ల తెచ్చినారు అని ఆవిడ అమాయకంగా అడిగింది. మర్నాటినుంచి కథలో పడవ లేదు.

రామలింగయ్య నడక ఆగిపోయింది. ముప్పై అయిదేళ్ళుగా కథ తానే చెబుతున్నాననుకున్నాడు.

ఆ సాయంత్రం తుమ్మలబైలు పందిట్లో ఆయన ఎవరికీ కథ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగనూ లేదు. సీతారత్నం ఎవరిదగ్గరో నూనె అడిగి తెచ్చి ముందు పెట్టింది. ఆయన తల దించుకుని రాసుకున్నాడు.

*

మూడో రోజు ఎండ ఎక్కకముందే శిఖరం చేరారు. అక్కడ చిన్న రాతినంది ఉంటుంది. నువ్వులు పోసి, నందిని తిప్పి, కొమ్ముల మధ్యనుంచి చూస్తే దూరాన శ్రీశైలం గోపురం కనబడుతుంది. దాన్ని చూడటానికే అంత వరస. వీళ్ళ వంతు వచ్చేసరికి వెనక రెండువందల మంది ఉన్నారు.

సీతారత్నం ముందు చూసింది. చూసి కళ్ళు మూసుకుని, పెదవుల మధ్య ఏదో అనుకుని, చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత రామలింగయ్య వంగాడు. జేబు తడుముకున్నాడు. కళ్ళద్దాలు సంచిలో పోయాయి. ఎదురుగా కొండలూ ఆకాశమూ ఒకే పాలలో కలిపినట్టున్నాయి.

"కనబడిందా?" అని ఆవిడ అడిగింది.

"కనబడింది," అన్నాడు, అలవాటు కొద్దీ.

"కలశం మెరుస్తాందా?"

ఆ అడగడం ఆయనకు తెలుసు. అదే గొంతు, అదే మెత్తదనం. ఎప్పటిలాగే ఆవిడ ఒక నిజం తీసుకొచ్చి ఆయన చేతిలో పెడుతోంది, పట్టుకుని నిలబడమని. మెరుస్తోంది అంటే సరిపోతుంది. ముప్పై అయిదేళ్ళు సరిపోయింది.

"లేదు రత్నం. నాకేం కనబడలేదు. అద్దాలు సంచిలో పోయినాయి." ఇంకా నందిమీదే వంగి ఉండి, ఆగకుండా అదీ చెప్పేశాడు. "అప్పుడు కూడా నేను నడవలేదు. దోర్నాలలో బస్సెక్కినా."

"తెలుసు," అంది ఆవిడ.

వెనకనుంచి ఎవరో, కనబడకపోతే జరుగు పెద్దాయనా, మాకు కనబడతాది అన్నారు. ఇద్దరూ పక్కకు జరిగి, మెట్లమీద ఒక వారగా కూర్చున్నారు.

అప్పుడు ఆవిడ చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళ అవ్వ పిచ్చమ్మతో మూడు శివరాత్రులు ఆ దారిన నడిచింది. పదేళ్ళప్పుడు ఒకసారి, పన్నెండప్పుడు ఒకసారి, పెళ్ళికి ముందు ఏడు ఒకసారి. అవ్వ చెప్పులు లేకుండా నడిచేది, చెలమ దగ్గర మనవరాలి కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని పిసికేది. మళ్ళీ ఏడు అవ్వ లేదు. పెళ్ళయ్యాక అత్తగారు, దుకాణం, పిల్ల, ఆ తర్వాత అత్తగారి మంచం. పొయ్యేదానికి ఎప్పుడూ కుదరలేదు.

మరి నాకు ఎప్పుడూ చెప్పలేదే అని రామలింగయ్య అడిగాడు. అబద్ధమని తెలిసి కూడా ఇన్నిసార్లు ఎట్లా విన్నావు?

సీతారత్నం వరసలో నిలబడ్డవాళ్ళకేసి చూస్తూ చెప్పింది.

"పని చేసుకుంటా మీరు చెప్పేది వింటా ఉంటే, నేను నడుస్తా ఉన్నట్టే ఉండేది. మా అవ్వ ముందర పోతా ఉన్నట్టు. మీరేమో దారంతా తప్పు చెప్తిరి. నది అంటిరి, పడవ అంటిరి. తప్పు దారిలో నేనెట్ల నడిచేది? అందుకని ఒక్కొక్కటే సరిచేసుకున్నా."

రామలింగయ్యకు ఏదైనా అనాలనిపించింది. తన దగ్గర ఉన్న మాటలన్నీ ఆ కథలో వాడేసినవే. ఊరికే ఆవిడ కాళ్ళకేసి చూశాడు. మడమలు పగిలి, దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. ఒక్క బొబ్బ కూడా లేదు. మెల్లగా ఒక పాదం ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంతమందిలో ఏందిది అని ఆవిడ లాక్కోబోయింది గానీ, గట్టిగా లాక్కోలేదు. వరసలోంచి సరస్వతమ్మ అదంతా చూసి, తనవాళ్ళందరినీ అటు తిరిగి నిలబడమంది.

దర్శనం అయింది. సత్రంలో ఓబులేసు ఇచ్చి వెళ్ళిన సంచులు ఉన్నాయి. కషాయం సీసా ఒకటి పగిలి, ఉతికిన పంచెలన్నీ పసుపురంగుకు తిరిగాయి. రామలింగయ్య ఆ వాసనతోనే తిరుగు బస్సెక్కాడు.

ఘాటులో ఈసారి ఆయన నిద్రపోలేదు. అద్దాలు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, అదిగో మనం దాటిన వాగు, అదిగో ఆ వెదురుపొద అని వేలుపెట్టి చూపించాడు. వెదురుపొద కాదు అది అని ఆవిడ అంటే, అవునులే అని ఒప్పుకున్నాడు. మనసు తేలిగ్గా ఉంది. ముప్పై ఏడేళ్ళ బరువు దిగింది, కాశీ తప్పింది, బొబ్బలు మానడానికి వారం పడుతుంది, అంతే.

దోర్నాల దాటాక సీతారత్నం ఫోను మోగింది. అన్నతో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసింది.

"చైత్రంలో కాశీకి టికెట్లు దొరికినాయంట. శివరాత్రికి వద్దన్నా గానీ, అసలుకే వద్దని చెప్పలేదు గదా నేను. పది రోజులు కాదు, పదిహేను రోజులంట."

రామలింగయ్య నోరు తెరిచాడు. మడమ నొప్పి, దుకాణంలో బడులు తెరిచే ముందు సరుకు సర్దుకోవడం, సింధూజకు ఒంట్లో బాగాలేకపోవడం, ఇవన్నీ ఒక్క ఊపున నాలుక మీదికి వచ్చాయి. ఆవిడ పూర్తిగా ఇటు తిరిగి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఏం చెబుతాడోనని ఎంతో ఆసక్తిగా ఆయన ముఖంలోకి చూస్తోంది. ఆ కళ్ళు చూసి ఆయన నోరు మూసుకున్నాడు.

కాసేపటికి, "కిటికీ పక్కన సీటు నాకు చెప్పు," అన్నాడు.

"కిటికీ పక్కన మా అన్నకు. మీకు అన్నిటికంటే పైన బెర్తు చెప్పినాం," అంది సీతారత్నం. "కొండలెక్కే మనిషి గదా."